వచ్చిందనుకున్న ఈత

ఈత ఒకసారి వచ్చిందంటే జన్మలో మరచిపోరని మన ఊళ్లలో ఒక మాట ఉంది. ఈ మాటను మేము దాదాపు యాభై ఏళ్లు నమ్మాం. ఆ నమ్మకం ఎంత బలహీనమైనదో ఒక ప్లాస్టిక్ బంతి మాకు తెలియజెప్పింది.

బక్రీదు మరునాడు పిల్లలు, మనవలతో కలిసి జూరాల చూడడానికి వెళ్లాం. ధరూరులో ఉండేవాళ్లకు జూరాల పొరుగిల్లు లాంటిది. ఆనకట్ట ఉన్న రేవులపల్లి మా మండలంలోదే. ఆనకట్టకు చాలా ఎగువన, నీళ్లు నిలకడగా ఉన్న ఒక ఒడ్డున దస్తర్‌ఖాన్ పరిచాం. భోజనాలయ్యాక పిల్లలు ఆటలో పడ్డారు. కాసేపటికి మా మనవడి బంతి నీళ్లలో పడింది. గాలి తోస్తుంటే మెల్లగా లోపలికి పోసాగింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. "దాదా, మీకు ఈత వచ్చు కదా, తీసుకురండి" అన్నాడు. మాకు ఈత వచ్చునని వాడికి పదిసార్లు చెప్పింది మేమే. ఇక కూర్చోవడానికి వీలెక్కడ? అరవైకి రెండేళ్లు తక్కువ వయసులో, కట్టుకున్న లుంగీతోనే నీళ్లలోకి దిగాం.

బంతి ముప్ఫై గజాల దూరంలో ఉంది. మొదటి పది బారలు బాగానే పడ్డాయి. మనసులో కాస్త గర్వం కూడా కలిగింది. ఆ తర్వాత ఊపిరి అందలేదు. మెడ పట్టేసింది. కాళ్లు కిందికి లాగడం మొదలుపెట్టాయి. లుంగీ మోకాళ్లకు చుట్టుకుంది. అడుగు అందుతుందేమోనని కాలు చాపితే అందలేదు. కేక వేద్దామంటే గొంతులో నుంచి మాట రాలేదు. ఒడ్డున ఉన్నవాళ్లు మేము సరదాగా ఈదుతున్నామనే అనుకున్నారట. దగ్గర్లో పుట్టి మీద వల తీస్తున్న ఒక పెద్దమనిషి మాత్రం సంగతి గ్రహించి తెడ్డు చాచాడు. దాన్ని పట్టుకుని ఒడ్డుకు చేరాం. ఆయన పుట్టిలో నుంచే మా వైపు చూసి, "సాయబూ, నువ్వు ఈత కొడ్తలేవు. నీళ్లతోని కొట్లాడుతున్నవ్" అన్నాడు. బంతిని కూడా ఆయనే తెచ్చి మనవడి చేతికిచ్చాడు.

ఆ మాట ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఈ సంగతిని జుమా పేజీలో రాయడమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. రాయడానికి కారణముంది. మాలాంటివాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. చిన్నప్పుడు బావిలో నాలుగు బారలు వేసినవాళ్లు, ఆ నాలుగు బారల ధైర్యంతో ఇప్పుడు పిల్లలను, మనవలను వెంటబెట్టుకుని జలాశయాల దగ్గరికి వెళుతున్నవాళ్లు. ఈత రానివాడు నీళ్లకు భయపడతాడు గనుక ఒడ్డునే ఉంటాడు. పూర్తిగా వచ్చినవాడికి తన హద్దు తెలుసు. మధ్యలో ఉన్నవాడికి అటు భయమూ లేదు, ఇటు తెలివిడీ లేదు. ఎక్కువ ప్రమాదం అతనికే.

బావి నేర్పిన ఈత

మా తరం ఈత ఎక్కడ నేర్చుకుంది? మోటబావిలో, దిగుడు బావిలో. నడుముకు ఎండు బెండ్లు కట్టేవారు, లేదా ఎండిన సొరకాయ బుర్రలు కట్టేవారు. చాచానో, మామూజానో గట్టు మీద నుంచి ఒక్క తోపు తోసేవారు. మునిగి, నీళ్లు మింగి, ఏడ్చి, నాలుగో రోజుకు చేతులు కాళ్లు ఆడించడం నేర్చుకునేవాళ్లం. వేసవి సెలవులు అయిపోయేసరికి బెండ్లు విప్పేసేవాళ్లం. అంతటితో ఈత వచ్చేసినట్లే. సర్టిఫికెట్ ఇచ్చేవారు లేరు, తప్పు దిద్దేవారూ లేరు.

ఆ ఈతలో లోపమేమిటో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. బావి వెడల్పు ఎంత? పది పన్నెండు బారలు. ఎటు వెళ్లినా రాతి గోడ చేతికందుతుంది. కాబట్టి దూరం ఈదవలసిన అవసరం మాకు ఎన్నడూ రాలేదు. తల ఎప్పుడూ నీటిపైనే ఉంచేవాళ్లం. దాన్నే కుక్క ఈత అని నవ్వుకునేవాళ్లం. ఊపిరి బిగబట్టి ఈ గోడ నుంచి ఆ గోడకు చేరడమే మాకు తెలిసిన ఈత. పన్నెండేళ్ల పిల్లవాడికి ఒంట్లో బరువు తక్కువ, బలం ఎక్కువ. అందుకే ఆ లోపం బయటపడలేదు. యాభై ఏళ్లు దాటి, పొట్ట పెరిగి, భుజాలు బిగుసుకున్నాక అదే ఈత ముప్ఫై గజాల్లో చేతులెత్తేసింది.

బావి పోయింది, జలాశయం వచ్చింది

మాది నడిగడ్డ. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న గడ్డ. రెండు పెద్ద నదులు రెండు పక్కలా పారుతున్నా ఈ నేల చాలాకాలం నీళ్ల కోసం మొహం వాచింది. జూరాలకు 1981లో శంకుస్థాపన జరిగింది. ఈనాడు జూరాల నిండితే నీటిమట్టం 318.516 మీటర్లు. అందులో పట్టే నీరు 9.657 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అక్కడి నుంచి నీళ్లు నెట్టెంపాడు ఎత్తిపోతల పథకం కింద మా మండలంలోని గుడెందొడ్డి జలాశయానికి ఎక్కాయి. కాలువలు వచ్చాయి, చెరువులు నిండాయి, పొలాలు పచ్చబడ్డాయి. దేవుని దయ, మనుషుల కష్టం. సంతోషించవలసిన విషయమే.

అయితే అదే కాలంలో మరో మార్పు కూడా జరిగింది. బోర్లు వచ్చాక మోటబావుల అవసరం తీరిపోయింది. కొన్ని ఎండిపోయాయి, కొన్ని పూడిపోయాయి, కొన్ని చెత్తకుండీలయ్యాయి. పిల్లలకు ఈత నేర్పే బడి మూతపడింది. ఎంతో పెద్ద నీరు గడప దగ్గరికి వచ్చిన సమయంలోనే చిన్న నీరు మాయమైంది. ఇప్పటి పిల్లలకు ఈత అసలే రాదు. పెద్దలకు వచ్చిన ఈత బావికి సరిపోయేదే తప్ప జలాశయానికి సరిపోయేది కాదు. ఇది ఒక్క ధరూరు సంగతి కాదు. నీటి ప్రాజెక్టులున్న ప్రతి మండలంలో ఇదే పరిస్థితి ఉండవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద నీట మునిగి మరణించినవారు దాదాపు మూడు లక్షలు. మన దేశంలో ఏటా ముప్ఫై వేలకు పైగా ప్రాణాలు ఇలా పోతున్నాయి. అదే ఏడాది ఐక్యరాజ్య సమితి జూలై 25వ తేదీని నీటి మునక నివారణ దినంగా ప్రకటించింది. పండుగల మరునాడు, సెలవు రోజున పత్రిక తెరిస్తే ఏదో ఒక ఊరి పేరు, ఏదో ఒక చెరువు పేరు కనబడుతూనే ఉంటుంది. ఒకరు జారిపడడం, ఆ ఒకరిని కాపాడబోయి ఇంకొకరు దిగడం, ఇద్దరూ పోవడం. ఆ రెండవ వ్యక్తి చాలాసార్లు ఎవరు? "నాకు ఈత వచ్చు" అనుకున్న తండ్రి, మామ, దాదా.

నీట మునిగి చనిపోయినవారికి షహీద్ దర్జా ఉందని దైవప్రవక్త (స) వారు తెలియజేసిన సంగతి మన ఇళ్లలో అందరికీ తెలుసు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట ఎంతటి ఊరటో చెప్పలేం. కానీ ఊరట కోసం చెప్పిన మాటను మన అజాగ్రత్తకు సాకుగా వాడుకోవడం తగదు. "రాసి ఉంది, జరిగింది" అనుకునే ముందు, మనం చేయవలసింది చేశామా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

మళ్లీ బడిలో

ఆ ఏడాదే హైదరాబాదులో మా కూతురి ఇంట్లో రెండు నెలలు ఉండవలసి వచ్చింది. దగ్గర్లో ఈతకొలను ఉంది. సిగ్గుపడుతూ, ఎవరికీ చెప్పకుండా పేరు రాయించుకున్నాం. మాతోపాటు నేర్చుకునేవాళ్లలో చాలామందికి ఇంకా పాలపళ్లు ఊడలేదు. నేర్పే కుర్రాడికి మహా అయితే ఇరవై రెండేళ్లు. మొదటిరోజు మా ఈత చూసి, "అంకుల్, మీకు ఈత వచ్చు. అందుకే మీకు నేర్పడం కష్టం" అన్నాడు.

ఆ మాటకు అర్థం తర్వాత తెలిసింది. ఏమీ రానివాడికి కొత్తది చెబితే చాలు. మాకు పాతది మాన్పించాలి. అతను మొదట చేయించిన పని ఈత కాదు. నడుము లోతు నీళ్లలో నిలబడి, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో గాలి వదలడం. బుడగలు రావాలి. మూడు రోజులు ఇదే పని. పక్కన ఆరేళ్ల పాప మా బుడగలు లెక్కపెట్టేది.

కానీ అసలు రహస్యం ఆ బుడగల్లోనే ఉంది. నీళ్లలో మనకు ఊపిరి ఆడకపోవడానికి కారణం గాలి తక్కువ కావడమని అనుకుంటాం. నిజానికి లోపలి గాలిని వదలకుండా బిగబట్టడం వల్ల చెడుగాలి పేరుకుంటుంది. అప్పుడే గుండె దడ, కంగారు మొదలవుతాయి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ నెమ్మదిగా వదిలేస్తూ ఉంటే, తల పక్కకు తిప్పినప్పుడు పీల్చుకోవడానికి చోటు దొరుకుతుంది. యాభై ఏళ్లుగా మేము నీళ్లలో పీల్చడం గురించే ఆలోచించాం. వదలడం గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

రెండవ పాఠం తల గురించి. నీళ్లలో మనిషి శరీరం తక్కెడ వంటిది. గాలి నిండిన ఛాతీ దానికి నడిమి ముల్లు. తల పైకెత్తితే కాళ్లు దిగుతాయి. తల నీళ్లలో వాల్చితే కాళ్లు తేలుతాయి. మేము జీవితమంతా తల పైకెత్తి ఈదాం. అంటే దిగిపోతున్న కాళ్లను ఈడ్చుకుంటూ ఈదాం. మెడ పట్టేసిందీ, అలసట వచ్చిందీ అందువల్లనే. ఆ పెద్దమనిషి పుట్టి మీద నుంచి చూసి చెప్పిన మాట అక్షరాలా నిజమని అప్పుడు అర్థమైంది.

మూడవది తేలడం. వెల్లకిల పడుకుని, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి, చేతులు చాపి, ఛాతీ నిండా గాలి పీల్చుకుని ఊరికే ఉండడం. ఇది ఈతలోకెల్లా సులువైన పని. భయపడేవాడికి ఇదే అన్నిటికంటే కష్టమైన పని. పది రోజుల తర్వాత ఒక ఉదయం మేము రెండు నిమిషాలు కదలకుండా తేలాం. జూరాలలో ఆనాడు ఈ ఒక్క విద్య తెలిసి ఉంటే తెడ్డు కోసం అంత తల్లడిల్లి ఉండేవాళ్లం కాదు. అలసినవాడు నీటి మీదే కాసేపు విశ్రమించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఒడ్డువైపు కదలవచ్చు.

వయసు మీరినవాడి శరీరం కుర్రవాడి మాట వినదు. భుజం పూర్తిగా తిరగదు. పాదం నిటారుగా చాపితే పిక్క పట్టేస్తుంది. మాకూ అన్నీ అయ్యాయి. అందుకే బలంతో కాకుండా నెమ్మదితో ఈదడం నేర్చుకున్నాం. బార పొడుగ్గా వేయడం, బారకూ బారకూ మధ్య కాస్త జారనివ్వడం, కాళ్లను మోకాలి దగ్గర నుంచి కాక తుంటి దగ్గర నుంచి ఆడించడం. రెండు నెలల చివర కొలను పొడవు నాలుగుసార్లు ఆగకుండా ఈదగలిగాం. ఇదేమీ గొప్ప ఘనకార్యం కాదు. కానీ చివరిసారి గట్టు పట్టుకున్నప్పుడు మేము రొప్పలేదు. మాకు అది చాలు.

గౌరవమనే అడ్డు

మాలాంటివాళ్లను ఈత నేర్చుకోనివ్వనిది నీళ్ల భయం కంటే నలుగురి భయం. గడ్డం నెరిసినవాడు పిల్లలతో కలిసి బుడగలు ఊదడమేమిటి, వేలెడంత కుర్రాడు దిద్దితే వినడమేమిటి అనే భావన. ఈ భావన మన ధర్మంలో నుంచి వచ్చింది కాదు. విద్య నేర్చుకోవడానికి మన పెద్దలు వయసు హద్దు పెట్టలేదు. దైవప్రవక్త (స) వారు బాల్యంలో తల్లితో కలిసి మదీనాకు వెళ్లినప్పుడు అక్కడి నజ్జార్ వంశంవారి కొలనులో ఈత నేర్చుకున్నారని చరిత్రకారుడు ఇబ్నె సాద్ నమోదు చేశారు. పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పమని హజ్రత్ ఉమర్ (ర) వారు ఆదేశించారని మన ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటాం. ఎడారి నేలలో నిలబడి ఈత గురించి ఆలోచించినవారి వారసులమని చెప్పుకుంటూ, రెండు నదుల నడుమ ఉండి ఈతను పిల్లల ఆటగా కొట్టిపారేయడం ఏ విధమైన విజ్ఞత?

వయసు సంగతే అడ్డమనుకుంటే మన తెలుగునాటనే ఒక ఉదాహరణ ఉంది. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల గారు నలభై దాటాక, నీళ్లంటే తనకున్న భయం పోగొట్టుకోవడానికి ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, 48 ఏళ్ల వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోటి వరకు ఉన్న పాక్ జలసంధిని దాదాపు పదమూడు గంటల నలభై నిమిషాల్లో ఈదారు. ఆ తర్వాత 2024 డిసెంబరు చివర విశాఖపట్నంలో బయలుదేరి, 2025 జనవరి మొదట్లో కాకినాడ చేరారు. రోజుకు కొంత దూరం చొప్పున సముద్రంలో 150 కిలోమీటర్లు. అప్పటికి ఆమె వయసు 52.

జపాన్‌లో మియెకో నగవోకా అనే వృద్ధురాలు ఎనభై ఏళ్లు వచ్చాక, మోకాలి బాధకు ఉపశమనం కోసం ఈత మొదలుపెట్టారు. 2015లో నూరేళ్ల వయసులో 1500 మీటర్ల ఈత పూర్తిచేశారు. గంటా పావు పట్టింది. ఆమెకు తొందరేమీ లేదు.

పశ్చిమ బెంగాల్‌కు చెందిన మసుదుర్ రహమాన్ బైద్య చిన్నతనంలోనే రైలు ప్రమాదంలో మోకాళ్ల కింద రెండు కాళ్లూ పోగొట్టుకున్నారు. 1997లో ఇంగ్లిష్ ఛానెల్‌ను, 2001లో జిబ్రాల్టర్ జలసంధిని ఈదారు. ఆయన 2015లో మరణించారు. ఆయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

వీళ్లలా సముద్రాలు ఈదమని మేము చెప్పడం లేదు. వాళ్లు సముద్రం ఈదగలిగినప్పుడు మనం నడుము లోతు కొలనులో దిగడానికి వెనుకాడడం ఎందుకని మాత్రమే అడుగుతున్నాం.

కుర్చీ వరుస

జుమా రోజున మస్జిదులో ఒక్కసారి గమనించండి. కుర్చీల వరుస పెరుగుతోంది. సజ్దాకు వంగలేనివాళ్లు, మోకాళ్లు సహకరించనివాళ్లు ఏటికేడాది ఎక్కువవుతున్నారు. డాక్టరు నడవమంటాడు. నడిస్తే మోకాలు నొప్పి. నడవకపోతే షుగరు, బరువు పెరుగుతాయి. బరువు పెరిగితే మళ్లీ మోకాలికే భారం. ఈ గానుగలో తిరుగుతున్నవాళ్లకు నీళ్లు మంచి దారి చూపుతాయి. నడుము లోతు నీళ్లలో నిలబడితే మోకాళ్ల మీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. మెడ లోతులో అయితే పదో వంతు మాత్రమే మిగులుతుంది. కీళ్లను నొప్పించకుండా గుండెకు, ఊపిరితిత్తులకు, కండరాలకు పని చెప్పే వ్యాయామాలు వేరే ఎన్నో లేవు. ఈత రాకపోయినా నీళ్లలో అటూ ఇటూ నడవడమే ఎంతో మేలు.

అయితే అందరికీ అన్నీ సరిపడవు. గుండె జబ్బు, రక్తపోటు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దిగరాదు. మెడలోతు నీళ్లలో దిగితే నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీ వైపు మళ్లుతుంది. బలహీనమైన గుండెకు ఇది భారం కావచ్చు. షుగరు ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో ఈదరాదు. పాదాలకు పుండ్లుంటే మానేదాకా ఆగాలి. ఉపవాసం రోజున నీరసంగా ఉన్న వేళ ఈతకు పోవడం తెలివైన పని కాదు.

అమ్మీ సంగతి

ఇంతవరకు చెప్పిందంతా మగవాళ్ల గురించే. మన ఇళ్లలో ఆడవాళ్ల మాటేమిటి? బావిలో బెండ్లు కట్టి తోసింది మగపిల్లలనే. ఆడపిల్లలు గట్టు మీద నిలబడి చూశారు. కానీ నీళ్ల దగ్గర ఎక్కువ పని ఎవరిది? కాలువ గట్టున బట్టలు ఉతికేది, చెరువులో గిన్నెలు కడిగేది, పిల్లల వెంట పరుగెత్తేది ఆడవాళ్లే. మోకాళ్ల నొప్పులు వాళ్లకే ఎక్కువ. అయినా ఈత అనగానే "పరదా" అనే ఒక్క మాటతో ఆ తలుపు మూసేస్తున్నాం.

పరదా పాటించవలసిందే. దానికి వ్యతిరేకంగా మేము ఒక్క మాట కూడా రాయడం లేదు. కానీ పరదాతో నేర్పే ఏర్పాటు చేయడానికి మనం ఎప్పుడైనా ప్రయత్నించామా? పట్టణాల్లో చాలా కొలనుల్లో స్త్రీలకు వేరే వేళలు, వేరే శిక్షకురాళ్లు ఉన్నారు. ఒళ్లంతా కప్పి, నీళ్లలో బరువెక్కని దుస్తులు వచ్చి చాలాకాలమైంది. ఆస్ట్రేలియాలో లెబనాన్ మూలాలున్న అహేదా జనెట్టి అనే మహిళ 2004లోనే ముస్లిం స్త్రీల కోసం అటువంటి దుస్తులు తయారుచేసింది. ఒక మస్జిద్ కమిటీ, ఒక మదరసా, ఒక పాఠశాల యాజమాన్యం కలిసి కొలను నడిపేవారితో మాట్లాడితే వారానికి రెండు గంటలు మన స్త్రీల కోసం దొరకడం అసాధ్యమేమీ కాదు. వలీమా విందుకు పెట్టే ఖర్చులో చిన్న భాగం దీనికి సరిపోతుంది.

మగవాళ్ల సతర్ సంగతీ అంతే. మోకాలి కిందికి దిగే బిగుతైన నిక్కరు వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. లుంగీ మాత్రం వద్దు. మా అనుభవంతో చెబుతున్నాం.

దిగేముందు

సోదర సోదరీమణులారా, ఈత బాగా నేర్చుకున్నవాడికి తెలిసే మొదటి సంగతి ఎక్కడ దిగకూడదన్నది. జలాశయం ఈత నేర్చుకునే చోటు కాదు. ఆనకట్ట దిగువన అసలే దిగరాదు. ఎగువన కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్‌ల నుంచి వరద వస్తే జూరాల గేట్లు ఎత్తుతారు. మోకాలి లోతు నీరు చూస్తుండగానే తల లోతవుతుంది. సిమెంటు పరచిన కాలువలు పైకి ప్రశాంతంగా కనబడతాయి గానీ, నాచు పట్టిన ఆ వాలు గట్టు మీద కాలు నిలవదు, చేయి పట్టు దొరకదు. ఎంత ఈత వచ్చినవాడైనా అందులో నుంచి పైకి రావడం కష్టం. నేర్చుకోవడానికి మెట్లున్న, లోతు తెలిసిన నీళ్లు కావాలి. చెప్పేవాడొకడు, గట్టు మీద చూసేవాడొకడు ఉండాలి. ఒంటరిగా ఎన్నడూ దిగరాదు.

ఎదుటివాడు మునుగుతుంటే ఏం చేయాలి? మునిగేవాడు సినిమాల్లో లాగా కేకలు వేయడు. ఊపిరికే చాలని గొంతుకు కేక ఎక్కడిది? నోరు నీటి మట్టం దగ్గర తేలుతూ మునుగుతూ ఉంటుంది. చేతులు నీళ్లను కిందికి నొక్కుతుంటాయి. నిమిషంలో అంతా అయిపోవచ్చు. అప్పుడు మనం దూకడం చివరి మాట కావాలి. మొదట కర్ర, తెడ్డు, తాడు, చీర, దుపట్టా, ఏది దొరికితే అది అందించాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసిరినా అతన్ని నిలబెడుతుంది. మమ్మల్ని కాపాడిన మనిషి నీళ్లలోకి దూకలేదు, తెడ్డు చాచాడు. జీవితమంతా కృష్ణలో గడిపిన మనిషికి కూడా దూకడం కంటే తెడ్డు చాచడమే సరైనదని తోచింది. మనం ఆ పాఠం గుర్తుంచుకోవాలి.

బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులు చేసి తిప్పడం మన ఊళ్లలో పాత అలవాటు. అది హాని చేస్తుంది. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి గాలి ఊదాలి. ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. 108కి ఫోను చేయాలి. ఈ పద్ధతి నేర్పమని మండలంలోని ఆరోగ్య కేంద్రం వారిని అడిగి, ఒక జుమా తర్వాత అరగంట ఏర్పాటు చేసుకోవడం పెద్ద పని కాదు.

మేము కోరేది

మేము కోరేది మూడే విషయాలు. యాభై దాటినవాళ్లు తమకు వచ్చిందనుకున్న ఈతను ఒక్కసారి నిజాయితీగా పరీక్షించుకోవాలి. లోతు తెలిసిన నీళ్లలో, తోడు పెట్టుకుని, ఐదు నిమిషాలు కదలకుండా తేలగలరా? ముఖం నీళ్లలో పెట్టి గాలి వదలగలరా? లేకపోతే ఈత ఇంకా రాలేదనుకుని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. రెండవది, ఊరిలో మిగిలి ఉన్న మంచి బావి ఒకటైనా పూడిక తీసి, మెట్లు బాగుచేసి, కంచె వేసి, వేసవిలో పెద్దల కాపలాతో పిల్లలకు తెరవాలి. రైతు ఒప్పుకుంటే ఊరి పిల్లలందరికీ, ఏ మతం పిల్లలైనా సరే, అది బడి అవుతుంది. మూడవది, పై మాట ప్రకారం స్త్రీలకు వేరే వేళ, వేరే శిక్షకురాలు ఏర్పాటు చేయాలి.

మొన్న సెలవుల్లో మనవణ్ణి హైదరాబాదులోని అదే కొలనుకు తీసుకుపోయాం. మొదటిరోజు వాడు గట్టు పట్టుకుని వదల్లేదు. మేము పక్కనే నిలబడి, ముఖం నీళ్లలో పెట్టి బుడగలు ఊదాం. వాడు లెక్కపెట్టాడు. తర్వాత వాడు ఊదాడు, మేము లెక్కపెట్టాం. ఇంటికి వచ్చేటప్పుడు వాడు, "దాదా, ఆ రోజు జూరాలలో మీకు ఈత రాదు కదా?" అని అడిగాడు.

"రాదు బేటా" అన్నాం. ఆ ఒక్క మాట ఒప్పుకోవడానికి మాకు యాభై ఏళ్లు పట్టింది. మన పాఠకులకు అంత కాలం పట్టకూడదని కోరుకుంటున్నాం.